నటుడి కొలతకు రంగస్థలం

మెల్‌బోర్న్ నగరంలో ఫ్లిండర్స్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటుంది. 2005లో నగర కళోత్సవం కోసం ఆ స్టేషన్లో ఒక పక్కన గ్యాలరీలాగా కుర్చీల వరసలు వేశారు. టికెట్టు కొన్నవాళ్లు వచ్చి కూర్చుంటే ఒక్కొక్కరి చేతికీ ఒక హెడ్‌ఫోన్ ఇచ్చారు. ఎదురుగా వేదిక లేదు, తెర లేదు. ఉన్నదల్లా రైలు అందుకోవాలన్న తొందరలో అటూ ఇటూ నడిచే జనం. చెవుల్లో సన్నగా సంగీతం మొదలవుతుంది. దాని మీదుగా ఇద్దరు స్నేహితుల మాటలు వినిపిస్తాయి. ఏ తొందరా లేని మాటలు. ఒకరు అన్నదానికీ ఇంకొకరు జవాబు చెప్పడానికీ మధ్య బోలెడంత ఖాళీ. పక్కనే కూర్చుని మాట్లాడుతున్నంత దగ్గరగా గొంతులు వినపడుతున్నాయి గానీ మనుషులు మాత్రం కనపడరు.

ప్రేక్షకులు వెతకడం మొదలుపెడతారు. సూట్‌కేసు లాక్కెళ్తున్న ఆయనా? గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్న ఆ అబ్బాయా? ఎవరిని చూసినా పాత్రలాగే ఉంటారు. కాసేపటికి జనం కొంచెం పలచబడ్డ చోట, ఎంతసేపటి నుంచో అక్కడే నిలబడి ఉన్న ఇద్దరి పెదవులు కదులుతున్నాయని తెలుస్తుంది. ఇంతసేపూ చూపు వాళ్ల మీదుగా వెళ్తూనే ఉంది, ఎక్కడా ఆగలేదు. ఆ ఇద్దరూ మేధో వైకల్యం ఉన్నవాళ్లుగా లోకం లెక్కగట్టే మనుషులు. సమాజం మమ్మల్ని పట్టించుకోదు అన్న డైలాగు ఎవరూ చెప్పలేదు. ఆ పట్టించుకోకపోవడాన్ని ప్రేక్షకుడి చేతనే చేయించారు. దానికి హెడ్‌ఫోన్ ఒక్కటి సరిపోయింది.

ఈ నాటకం పేరు ‘స్మాల్ మెటల్ ఆబ్జెక్ట్స్’. చేసినది బ్యాక్ టు బ్యాక్ థియేటర్. మెల్‌బోర్న్‌కు నైరుతి దిక్కున సుమారు 75 కిలోమీటర్ల దూరంలో గీలాంగ్ అనే రేవు పట్టణం ఉంది. ఒకప్పుడు ఉన్ని ఎగుమతికి, తరవాత ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీకి పేరుమోసిన ఊరు. 2016లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. గీలాంగ్‌లో 1987లో ఈ బృందం పుట్టింది. మేధో వైకల్యం ఉన్న నటులు బృందానికి కేంద్రం, వైకల్యం లేని నటులూ రచయితలూ డిజైనర్లూ సంగీతకారులూ వాళ్లతో కలిసి పనిచేసేవాళ్లు. 1999 నుంచి బ్రూస్ గ్లాడ్విన్ కళాదర్శకుడు. నటులకు ఇది కాలక్షేపమూ కాదు, వైద్యమూ కాదు. జీతం వచ్చే ఉద్యోగం.

ఇలాంటి బృందాల గురించి రాసేటప్పుడు మన కలం తనంతట తానే దయ వైపు ఒరిగిపోతుంది. ‘పాపం, ఎంత బాగా చేశారో’ అనేస్తాం. అందులో ‘పాపం’ ఉన్నంతసేపూ ‘బాగా’ అన్నదాన్ని పరిశీలించే పని ఉండదు. నాకు కావలసింది ఆ రెండో మాట. ఎలా బాగా చేశారు? ఏ పనిముట్టు వాడారు, ఎక్కడ వాడారు, ఎందుకు?

మన నాటకానికి ప్రాణం వాచికం. పద్య నాటకాల కాలంలో మైకు లేకుండా చివరి వరసకు వినిపించగలిగినవాడే నటుడు. ఆ తరవాత మైకులు వచ్చినా ఆ కొలత పోలేదు. పరిషత్తు పోటీల్లో ఈనాటికీ గొంతు ఖంగుమనకపోతే నటుడికి మార్కులు కష్టమే. ఈ కొలబద్ద పట్టుకుని చూస్తే బ్యాక్ టు బ్యాక్ నటుల్లో చాలామంది తొలి వడపోతలోనే పోతారు. ఒకరి గొంతు పైకి లేవదు. ఇంకొకరికి ఒక్కో అక్షరం బయటికి తీయడానికే శ్రమ. మరొకరు మాట్లాడేదే తక్కువ. మామూలు దర్శకుడైతే గొంతు పెంచమంటాడు, స్పష్టంగా పలకమంటాడు, నెలల తరబడి తర్ఫీదు ఇస్తాడు. చివరికి నటుడు అలవాటు లేని గొంతుతో అరవనూ అరుస్తాడు, ప్రేక్షకులు చప్పట్లూ కొడతారు. గ్లాడ్విన్ బృందం దీన్ని తిరగేసింది. గొంతు చిన్నదైతే మైకును పెదవి దగ్గరికి తెచ్చి, ప్రేక్షకుడి చెవిని దానికి అతికించింది. నటుడు గుసగుసలాడినా చాలు. పైగా అంత రద్దీ స్టేషన్లో అరవని గొంతు ఒక్కటే వినపడుతుంటే, అది ఎక్కడలేని చనువుతో లోపలికి దిగుతుంది. లోపాన్ని కప్పిపుచ్చడానికి వాడిన సర్దుబాటు కాదు ఇది. ఆ గొంతు అలా ఉండబట్టే నాటకానికి ఈ రూపం వచ్చింది.

కథ చిన్నది. గ్యారీ, స్టీవ్ అనే ఇద్దరు మిత్రులు. ఆలన్ అనే కోటు మనిషి హడావుడిగా వస్తాడు. తన పార్టీకి మత్తు పదార్థాలు కావాలి, గ్యారీ దగ్గర దొరుకుతాయని విన్నాడు. బేరం కుదురుతుంది. సరుకు కోసం కాస్త దూరం నడిచి వెళ్లాలి. అప్పుడు స్టీవ్ కదలనంటాడు. కోపం కాదు, పట్టుదలా కాదు. తన గురించి తాను ఏదో ఆలోచించుకుంటున్నాడు, ఆ ఆలోచన తెగేదాకా ఇక్కడే ఉండాలి. స్టీవ్ రాకపోతే గ్యారీ కూడా వెళ్లడు. ఆలన్ డబ్బు పెంచుతాడు, బతిమాలతాడు. మనుషుల్ని మార్చడమే వృత్తిగా ఉన్న కెరొలిన్ అనే సైకాలజిస్టును పిలిపిస్తాడు. ఆమె తన విద్యంతా ప్రయోగిస్తుంది, చివరికి చెప్పుకోడానికి సిగ్గుపడవలసిన ఎరలు కూడా వేస్తుంది. స్టీవ్ కదలడు. బేరం చెడిపోతుంది.

వేలమంది పరుగెత్తే చోట ఒక మనిషి నిలబడిపోవడమే ఇందులో నాటకీయత అంతా. నిలబడటం చూడటానికి తేలిక. ఏమీ చేయకుండా, ఏమీ చేయడం లేదని కూడా చూపించకుండా, నాటకం పొడుగునా చూపును పట్టి ఉంచడం ఎంత కష్టమో ఒక్కసారి వేదిక ఎక్కినవాళ్లకు తెలుస్తుంది. స్టీవ్‌గా సైమన్ లాహర్టీ చేసింది అదే. ఆలన్, కెరొలిన్ పాత్రలు వైకల్యం లేని నటులవి. వాళ్లది మనకు అలవాటైన నటన. చేతులు కదులుతాయి, మాట వేగం అందుకుంటుంది, ముఖంలో ఆత్రం పలుకుతుంది. రెండు రకాల నటన పక్కపక్కన పెట్టేసరికి మామూలు నటనే అతిగా, డబ్బు కోసం వేసిన వేషంలాగా కనిపిస్తుంది. కలిసి నటించడం అంటే అందరినీ ఒకే స్థాయికి తేవడం అని మనం అనుకుంటాం. ఇక్కడ ఆ తేడానే ఆధారంగా పెట్టుకున్నారు.

గ్యారీ పాత్ర వేసింది సోనియా ట్యూబెన్ అనే మహిళ. స్థానం నరసింహారావు సత్యభామగా జడ ముందుకు వేసుకుని నడిచి వస్తే అందులో చీరకట్టు దగ్గర నుంచి నడక వరకు వేషధారణే ఒక విద్య. సోనియా అలాంటి విద్య ఏదీ ప్రదర్శించదు. మామూలు బట్టల్లో, తన గొంతుతోనే, గ్యారీని అని నిలబడుతుంది. నమ్మకం కుదరడానికి అంతకన్నా అక్కర్లేదని నాటకం తేల్చేస్తుంది. ఈ నాటకం ఆ తరవాత లండన్‌లో స్ట్రాట్‌ఫర్డ్ స్టేషన్‌కు, 2008లో న్యూయార్క్ వైట్‌హాల్ ఫెర్రీ టెర్మినల్‌కు వెళ్లింది. సెట్టు మోసుకెళ్లాల్సిన పని లేదు. హడావుడి పడే జనం ఏ ఊళ్లోనైనా దొరుకుతారు.

స్క్రిప్టు తయారయ్యే తీరు కూడా చెప్పుకోవాలి. రచయిత ఇంట్లో కూర్చుని రాసుకొచ్చిన ప్రతిని నటుల చేతికివ్వడం ఇక్కడ లేదు. ముందు నటులు ఒక ఊహ పట్టుకుని అప్పటికప్పుడు అల్లుకుంటూ ఆడతారు. దాన్ని రికార్డు చేసి, కాగితం మీద పెట్టి, కోసి, మళ్లీ ఆడించి, మళ్లీ కోస్తారు. ఇలా ఏళ్లు పడుతుంది. దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, సంభాషణ నటుడి నోటి వాలుకు తగ్గట్టే పుడుతుంది కాబట్టి బట్టీ బరువు తగ్గుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. చదువుకున్న రచయిత తట్టుకోలేని నిర్మొహమాటం ఆ మాటల్లో మిగిలిపోతుంది. మర్యాదస్తుడి పెన్నుకు రాని వాక్యాలవి. రచయితలుగా నటుల పేర్లు కూడా వేస్తారు. ఇది ఉదారత అనుకోనక్కర్లేదు, నిజంగానే రాసింది వాళ్లు.

2008 నాటి ‘ఫుడ్ కోర్ట్’ గురించి క్లుప్తంగా చెబుతాను. చూడటానికి కష్టమైన నాటకం, పొడిగించడం నాకు ఇష్టం లేదు. ఇద్దరు ఆడవాళ్లు మూడో ఆమెను తిండి దగ్గర, లావు దగ్గర మొదలుపెట్టి మాటలతో చీల్చి చెండాడతారు. ఆ తరవాత అడవిలోకి తీసుకెళ్లి, బట్టలు విప్పించి, ఆడమంటారు. హింసించేవాళ్లూ హింస పడేవాళ్లూ కూడా వైకల్యం ఉన్న నటులే. వైకల్యం ఉన్నవాళ్లు అమాయకులు, దేవుడి బిడ్డలు అన్న ప్రేక్షకుడి నమ్మకానికి మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. వాళ్లూ క్రూరులు కాగలరు. పూర్తి మనిషి అంటే అదీ ఉంటుంది. వేదిక ముందు ‘ది నెక్స్’ అనే ముగ్గురు వాద్యకారుల బృందం ప్రతి ప్రదర్శనలోనూ ఆ పూటకు ఆ పూట అల్లుకుంటూ వాయిస్తుంది. ఆ బృందం కూడా 1987లోనే సిడ్నీలో పుట్టింది. లోతట్టు దృశ్యమంతా పొగమంచు పట్టిన అద్దం వెనక జరుగుతున్నట్టు మసకగా ఉంటుంది. మాటలు పెద్ద అక్షరాలై తెర మీద పడుతుంటాయి. చివర బాధితురాలి పాత్ర వేసిన సారా మెయిన్‌వేరింగ్ షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకంలోని కాలిబన్ అనే పాత్ర మాటలు పలుకుతుంది, ఆ ద్వీపం నిండా వినిపించే శబ్దాల గురించిన మాటలు. మెదడుకు గాయమైనందువల్ల సారాకు మాట పలకడం శ్రమ. ఒక్కో మాట కోసం ఆమె పడే ప్రయాస, దాన్ని ఆగి అందుకునే సంగీతం, తెర మీద తేలే అక్షరం మూడూ ఒకచోట కలుస్తాయి. ఎవరి దగ్గరా దొరకని ఛందస్సు అది. షేక్‌స్పియర్‌ను గడగడా పలికే మహానటుల రికార్డింగులు చాలానే ఉన్నాయి. పలకడానికి ఇంత ఖర్చు పెట్టిన కాలిబన్ ఇంకొకడు ఉన్నాడా అంటే నాకు తెలిసి లేడు.

మనకు మరీ దగ్గరగా వచ్చే నాటకం 2011లో వచ్చింది. పేరు ‘గణేశ్ వర్సెస్ ది థర్డ్ రైక్’. పేరు వినగానే నవ్వొస్తుంది. కథ వింటే నవ్వు ఆగిపోతుంది. వినాయకుడు నాజీల జర్మనీకి బయలుదేరతాడు. వాళ్లు ఎత్తుకుపోయిన స్వస్తిక గుర్తును వెనక్కి తెచ్చుకోవాలి.

ఖాతా పుస్తకం మొదటి పేజీలో, గుమ్మం మీద, కొత్త ఇంటి తలుపు మీద పసుపు కుంకుమలతో స్వస్తిక రాసే ఇళ్లలో పెరిగినవాళ్లం. యూరప్‌లో అదే గుర్తు చూస్తే ఒళ్లు గగుర్పొడిచే మనుషులున్నారని మనలో చాలామందికి పెద్దయ్యాక గాని తెలియదు. ఆ ముడిని పట్టుకోవడమే తెలివి. అంతకన్నా తెలివి వినాయకుణ్ణి ఎంచుకోవడం. తల తెగి, ఇంకో తల అతికి, ఒక దంతం విరిగి, పొట్ట పెరిగి, ఏ కొలతకూ లొంగని దేహం ఆయనది. ఆ దేహానికే మనం తొలిపూజ చేస్తాం. సరిగ్గా అలాంటి దేహాల్నే నాజీలు జాబితా రాసి చంపారు. యూదుల కోసం గ్యాస్ గదులు కట్టకముందే, 1939 నుంచి 1941 వరకు, ‘టి4’ అనే పేరుతో ఆసుపత్రుల్లోని వైకల్యం ఉన్నవాళ్లనూ మానసిక రోగులనూ సుమారు 70,000 మందిని విషవాయువుతో చంపేశారు. ఆ చంపడంలో చేయి తిరిగినవాళ్లే తరవాతి కాలంలో మరణ శిబిరాలకు బదిలీ అయ్యారు. నాటకంలో వినాయకుడికి ఎదురయ్యే వాళ్లలో ఆష్విట్జ్‌లో కవలల మీద, మరుగుజ్జుల మీద ప్రయోగాలు చేసిన మెంగెలే కూడా ఉన్నాడు. ఏనుగు తల మనిషిని చూసి ఆ డాక్టరు ఏమనుకుంటాడో ఊహించుకోవచ్చు.

ఈ కథను ఎలా చూపించారన్నది పనితనంలో అన్నిటికన్నా మెచ్చవలసిన భాగం. పట్టాల మీద జరిగే పెద్ద పెద్ద ప్లాస్టిక్ తెరలు వరసలు వరసలుగా ఉంటాయి, వెలుతురు సగం దాటేంత పలచనివి. వాటి మీద అడవి, కొండలు, రైలు వంటివి గీసి ఉంటాయి. నటులే వాటిని చేత్తో లాగుతారు. ఒక తెర వెనక ఇంకో తెర పడేసరికి లోతు పుడుతుంది. వెనక నుంచి దీపం పడితే మనిషి నీడై పెరుగుతాడు. రాయలసీమ, కోస్తా ఊళ్లలో తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఆ విద్య కొత్త కాదు. నూనె దీపం, గుడ్డ తెర, పలచగా గీకిన తోలు ఇక్కడ విద్యుత్ దీపమూ ప్లాస్టిక్కూ అయ్యాయి. తేడా ఒక్కటే. తోలుబొమ్మలాటలో ఆడించే మనిషి తెర వెనకే ఉండిపోతాడు. ఇక్కడ తెర లాగడం కూడా ఆటలో భాగమే. సామాన్యమైన షవర్ కర్టెన్ లాంటి ప్లాస్టిక్ కళ్లముందే దండకారణ్యమంత అడవి అవుతుంది, మరుక్షణం మళ్లీ ప్లాస్టిక్ అయిపోతుంది. మార్క్ కథ్‌బర్ట్‌సన్ రంగాలంకరణ, బ్లూబాటిల్ సంస్థకు చెందిన ఆండ్రూ లివింగ్‌స్టన్ వెలుగులు, రియన్ హింక్లీ బొమ్మలు ఈ మాయ వెనక ఉన్నాయి.

తెర ఇవతల ఇంకో కథ నడుస్తుంది. వైకల్యం ఉన్న నటులు, వాళ్లకు ఒక దర్శకుడు, అందరూ కలిసి వినాయకుడి నాటకానికి రిహార్సల్ చేస్తున్నారు. ఆ దర్శకుడి పాత్రలో డేవిడ్ వుడ్స్ అనే వైకల్యం లేని నటుడు. మిగిలినవాళ్లు మార్క్ డీన్స్, సైమన్ లాహర్టీ, స్కాట్ ప్రైస్, బ్రయన్ టిల్లీ. అందరూ తమ పేర్లతోనే ఉంటారు. బ్రయన్ వినాయకుడు. చిన్న విగ్రహం గల సైమన్ హిట్లర్ అవుతాడు, అతనే ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న యూదుడు కూడా. ఆ పాలనలో బతకనివ్వని మనిషే ఆ పాలకుడి వేషం కట్టడం కన్నా పెద్ద వ్యాఖ్యానం ఇంకేముంటుంది?

రిహార్సల్లో తగాదాలు మొదలవుతాయి. ఈ కథ చెప్పే హక్కు మనకుందా? వేరేవాళ్ల దేవుణ్ణి మనం ఆడించవచ్చా? నాటకం తెర లేవకముందే బయట కొందరు హిందూ ప్రతినిధుల నుంచి వచ్చిన అభ్యంతరం కూడా ఇదే. బృందం ఆ ప్రశ్న నుంచి పారిపోకుండా దాన్ని పాత్రల నోట పెట్టింది. అంతకన్నా కఠినమైన ప్రశ్న మార్క్ గురించి వస్తుంది. ఇదంతా కల్పన అని మార్క్‌కు తెలుసా? తెలియకుండా అతని చేత వేషం వేయించడం సబబేనా? హాల్లో కూర్చున్న ప్రతివాడి మనసులోనూ ఆ ప్రశ్నే ఉంటుంది, అడగడానికే మొహమాటం. తన మనసులోని మాట వేదిక మీద వినిపించేసరికి ప్రేక్షకుడు దొంగలా దొరికిపోతాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి లెక్క చూడాలి. మార్క్ డీన్స్ దాదాపు బృందం పుట్టినప్పటి నుంచీ ఉన్న నటుడు. ఆ ‘అప్పటికప్పుడు వచ్చినట్టున్న’ తగాదాను ఈ నటులు దేశదేశాల్లో, ఏళ్ల తరబడి, అదే చోట ఆగి, అదే చోట తడబడి, రాత్రి తరవాత రాత్రి చేశారు. నిజమేమో అని ప్రేక్షకుడు భ్రమపడే స్థాయిలో చేశారు. అతనికి తెలుసా అన్న సందేహం ప్రేక్షకుడిలో పుట్టించగలగడమే అతనికి తెలుసనడానికి రుజువు.

ఈ సందర్భంలో మన సినిమాలు గుర్తుకొస్తాయి. 1986లో వచ్చిన ‘స్వాతిముత్యం’లో కమల్ హాసన్ అమాయకుడి పాత్ర చూసి మనమంతా కళ్లు తుడుచుకున్నాం. మెచ్చుకున్నది ఆ పాత్రకూ కమల్ హాసన్‌కూ మధ్య ఉన్న దూరాన్ని. ఎంత తెలివైన నటుడు ఎంత అమాయకంగా చేశాడో అని. అంతకు ముందు ఏడాది సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’ తీశారు. ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ కాలుతో మళ్లీ నాట్యం చేసిన సుధా చంద్రన్ తన కథలో తానే నటించారు. మన తెర మీద అది చాలా పెద్ద అడుగు. అయితే ఆ కథకు విజయం తప్పనిసరి. వైకల్యాన్ని జయించాలి, చివర్న చప్పట్లు మోగాలి. గీలాంగ్ నటులు ఏమీ జయించరు. దూరాన్ని దాటి వేరే మనిషిగా మారిపోయిన గొప్పా చూపించరు. వాళ్లు ఎలా ఉన్నారో అలా ఉండి, కథను మాత్రం తమ చేతిలో పెట్టుకుంటారు. ఈ రకం నటనను తూచడానికి మన దగ్గర తరాజు లేదు. ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్వికాల్లో మొదటి మూడింటికే మనం మార్కులు వేస్తూ వచ్చాం. ఇది నాలుగోదానికి చెందినదేమో.

మళ్లీ నాటకంలోకి. దర్శకుడు డేవిడ్ మొదట్లో ఓపికమంతుడు, ప్రోత్సహించే మనిషి. రానురానూ మాట కరుకెక్కుతుంది. ఖాళీ కుర్చీల వైపు, అంటే మన వైపు, చూసి రేపు వచ్చే ప్రేక్షకుల గురించి అతను అనే మాటలు భరించడం కష్టం. మీరంతా వింత చూడ్డానికి వచ్చారని తేల్చేస్తాడు. చివరికి చేయి కూడా చేసుకుంటాడు. మంచితనం అధికారంగా మారే దారిని ఇంత ఓపిగ్గా, మెట్టు మెట్టుగా చూపిన నాటకాలు అరుదు. ఆఖరి దృశ్యంలో డేవిడ్ మార్క్‌తో దాగుడుమూతలు ఆడదామంటాడు. మార్క్ బల్ల కింద దాక్కుంటాడు. డేవిడ్ వెళ్లిపోతాడు. వెతకడానికి ఎవరూ రారు. దేవుడు స్వస్తిక తెచ్చుకున్నాడా లేదా అన్నది అప్పటికి మనం మరిచిపోయి ఉంటాం.

దీని మీద ఒక పేచీ లేకపోలేదు. బృందానికి అసలు కళాదర్శకుడు కూడా వైకల్యం లేనివాడే. దుర్మార్గుడైన దర్శకుణ్ణి పాత్రగా పెట్టుకోవడం ముందుగానే విమర్శ నుంచి తప్పించుకునే ఉపాయమా అని ఎవరైనా అడిగితే కొట్టిపారేయలేం. నేను మటుకు ఆ ఉపాయాన్నే మెచ్చుకుంటాను. తన మీద రావలసిన అభియోగ పత్రాన్ని తానే రాసి, నటుల చేత చదివించే దర్శకులు ఎంతమంది?

వినాయకుడు పరాయి రంగస్థలం ఎక్కడం ఇదే మొదలు కాదు. పీటర్ బ్రూక్ 1985లో చేసిన ‘మహాభారతం’లో వ్యాసుడి పక్కన రాయసకాడిగా గణపతి ఉంటాడు. ఆ తల తీసేసిన నటుడే తరవాత కృష్ణుడవుతాడు. బ్రూక్ ఇతిహాసాన్ని ప్రపంచానికి వినిపించాలనుకున్నాడు. గీలాంగ్ వాళ్లకు కావలసింది ఆ ఏనుగు తల కింద ఉన్న మనిషి. నార్వే ప్రభుత్వం స్థాపించిన అంతర్జాతీయ ఇబ్సెన్ పురస్కారం 2008లో మొదటిసారి బ్రూక్‌కే వచ్చింది. 2022లో బ్యాక్ టు బ్యాక్‌కు వచ్చింది. 2024లో వెనిస్ బినాలే జీవితకాల కృషికి ఇచ్చే గోల్డెన్ లయన్ కూడా ఇచ్చింది. పురస్కారాల సంగతి ఇంతటితో చాలు.

2019లో సిడ్నీలో మొదలైన ‘ది షాడో హూజ్ ప్రే ది హంటర్ బికమ్స్’ చూడటానికి అన్నిటికన్నా బీదగా ఉంటుంది. ప్లాస్టిక్ కుర్చీలు కొన్ని. ముగ్గురు నటులు, స్కాట్, సైమన్, సారా, పౌరసభ పెట్టారు. మనం ఆ సభకు వచ్చిన ఊరివాళ్లం. వాళ్లు మాట్లాడుతుంటే యంత్రం విని రాస్తున్నట్టు పైన తెర మీద అక్షరాలు పడుతుంటాయి. ప్రేక్షకుడికి సౌకర్యంగానే ఉంటుంది. అప్పుడు వేదిక మీది నుంచే అభ్యంతరం లేస్తుంది, నా మాటకు ఆ రాత ఎందుకని. మనకు ముచ్చెమటలు పడతాయి, ఎందుకంటే అప్పటిదాకా మనం మనిషిని వదిలేసి తెరనే చదువుతున్నాం. ‘ఫుడ్ కోర్ట్’లో కవిత్వమైన అక్షరాల తెర ఇక్కడ తగువు పెట్టుకోవలసిన వస్తువైంది. ఒకే పనిముట్టును పదకొండేళ్ల తరవాత ఇలా తలకిందులు చేయడం చేతిపని మీద ఎంత ఆలోచన పెడతారో చెబుతుంది.

ఆ సభలో వాళ్లు చరిత్ర కూడా చెబుతారు. ఐర్లండ్‌లో మఠాల లాండ్రీల్లో బందీలైన ఆడవాళ్లు పిల్లల ఆటవస్తువులు డబ్బాల్లో సర్దిన సంగతి, అమెరికాలో అయోవా రాష్ట్రంలో టర్కీ కోళ్ల ఫ్యాక్టరీలో మేధో వైకల్యం ఉన్న మగవాళ్ల చేత దశాబ్దాలు పనిచేయించుకుని నెలకు 65 డాలర్లు చేతిలో పెట్టిన సంగతి. తమను ఏమని పిలవాలన్న దాని మీద ముగ్గురికీ పొత్తు కుదరదు. ఒకరు గర్వంగా చెప్పుకునే మాట ఇంకొకరికి గిట్టదు. ఆ తగువును తీర్చే ప్రయత్నం నాటకం చేయదు. ఆ తరవాత యంత్రపు గొంతు చర్చలోకి వస్తుంది. యంత్రాల తెలివి మనుషుల్ని దాటిపోయిన రోజున మీరందరూ మేధో వైకల్యం ఉన్నవాళ్లే అవుతారు, మాకు ఆ బతుకు అలవాటే, మా దగ్గర నేర్చుకోండి అన్నట్టుగా సాగుతుంది వాదన. 2019లో చమత్కారంగా అనిపించి ఉంటుంది. ఇప్పుడు అంత నవ్వు రాదు. ఇదే నాటకాన్ని ‘షాడో’ పేరుతో సినిమాగా తీశారు. గీలాంగ్ వెళ్లకుండా వీళ్ల పని చూడాలనుకునేవాళ్లకు అది మంచి వాకిలి.

ఇంత పెద్ద నాటకాలు చేసే బృందం ఊరివాళ్లతో కలిసి చేసే పని ఒకటుంది, ‘ది డెమొక్రాటిక్ సెట్’ అని. ఏ ఊరికి వెళ్లినా ముందువైపు తెరిచి ఉన్న ఒక గదిలాంటి పెట్టె నిలబెడతారు. రెండు పక్కలా రెండు తలుపులు. ముందు పట్టాల మీద కెమెరా ఒకే వేగంతో పక్కకు జరుగుతుంది. వైకల్యం ఉన్నవాళ్లు, లేనివాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఎవరైనా లోపలికి వచ్చి తోచింది చేయవచ్చు. ఒక్కొక్కరికి దొరికేది సుమారు పదిహేను సెకన్లు. ఒకరు పాడతారు, ఒకరు ఊరికే నిలబడతారు, ఇంకొకరు కుక్కను వెంటబెట్టుకుని అటు నుంచి ఇటు నడిచిపోతారు. ఆ ముక్కలన్నీ అతికిస్తే, తలుపు వెనక గది, గది వెనక ఇంకో గది, ఎడతెగని వసారాలాగా ఊరంతా కదిలిపోతుంది. కెమెరా ఎవరి దగ్గరా ఎక్కువసేపు ఆగదు, ఎవరినీ తొందరగా దాటదు. ఎవరిది ఏ వైకల్యమో తెలుసుకోవాలనే కుతూహలం కూడా రెండు మూడు గదులకే చల్లారిపోతుంది.

మన ఊళ్లలో వైకల్యం ఉన్న పిల్లలకు వార్షికోత్సవం అంటే సినిమా పాటకు డాన్సు, మంత్రిగారి చేతుల మీదుగా మెమెంటో. పరిషత్తు వేదికల మీద వేలాడే మైకుల కింద చేరి గొంతు చించుకునే పద్ధతి ఇంకా పోలేదు. కాలర్ మైకు ఇప్పుడు పెళ్లి వీడియోలు తీసే కుర్రాడి సంచిలో కూడా ఉంటుంది. నటుడు నెమ్మదిగా మాట్లాడితే ఆగే ఓపిక, పోటీ గంట మోగని వేదిక, ఏళ్ల తరబడి జీతమిచ్చి రిహార్సల్ చేయించే సంస్థ దొరకడం మాత్రం కష్టం. ‘గణేశ్’ లాంటి నాటకం మనకు వెంటనే రాదు. ఆ పెట్టె గది సంగతి వేరు. ప్లైవుడ్డు, రెండు తలుపులు, ఒక ట్రాలీ, ఒక కెమెరా. కమ్యూనిటీ హాలు ఒక ఆదివారం అడిగి తీసుకుంటే సాయంత్రానికి సగం ఊరు అందులోంచి నడిచిపోవచ్చు.